పేరు పెట్టే పనివాళ్లు

2016 అక్టోబర్ 11న బిజినేపల్లి మండలం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, చిరునామా మారింది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ప్రామాణిక లైబ్రరీలోనూ 2008లో మూడో వెర్షన్‌తో ఇలాంటి సర్దుబాటే జరిగింది. యూఆర్ఎల్‌లిబ్2 మాడ్యూల్‌ను విడదీసి యూఆర్ఎల్‌లిబ్ కింద రిక్వెస్ట్, ఎర్రర్ అని పెట్టారు; హెచ్‌టీటీపీలిబ్ కాస్తా హెచ్‌టీటీపీ కింద క్లయింట్ అయింది. పేరులో ఏముంది, పాత ప్రోగ్రాములు ఆగిపోయాయి కదా అంటారు. నిజమే, ఆ తిప్పలు చిన్నవి కావు. కానీ పేర్ల మార్పును 2టు3 అనే పనిముట్టు చాలావరకు తానే చేసిపెట్టేది. పైగా చివరన తగిలించిన '2' లోపల ఏముందో చెప్పదు, 'రిక్వెస్ట్' చెబుతుంది. పాతవాళ్లు ఒక్కసారి దిద్దుకుంటే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు. అందుకే నా ఓటు పేర్లు సర్దిన ఈ పనివాళ్లకే. పరీక్షలు రాసే యూనిట్‌టెస్ట్ మాడ్యూల్‌లో జావా పద్ధతి నుంచి తెచ్చుకున్న అసర్ట్‌ఈక్వల్ వంటి పేర్లను మాత్రం అలాగే వదిలేశారు, అదొక్కటే మింగుడుపడదు.