గబ్బిలం చర్చి గుమ్మం ఎందుకు తొక్కలేదు?

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవ కులస్తుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. మిషన్ బడుల్లో ఏళ్ళ తరబడి పంతులుగా పనిచేశాడు. అలాంటి కవి 1941లో 'గబ్బిలం' రాశాడు. అందులో ఆకలితో ఉన్న అరుంధతీసుతుడు తన గోడును గబ్బిలానికి చెప్పుకుంటాడు, కాశీకి వెళ్ళి శివుడి చెవిన వెయ్యమంటాడు. పూజారి దగ్గర లేని సమయం చూసుకుని చెప్పమని జాగ్రత్త కూడా చెబుతాడు.

ఈ కావ్యాన్ని మన విమర్శకులు అంటరానితనం మీద తిరుగుబాటుగా చదివారు. అది సరైన చదువే. అయితే ఇంకో ప్రశ్న అడక్క తప్పదు. అప్పటికి క్రైస్తవం పల్నాడులో అడుగుపెట్టి దాదాపు వందేళ్ళు. పేదల పక్షం మాదేనని చర్చి చెప్పుకుంటున్న రోజులు. మరి క్రైస్తవుడైన కవి తన కథానాయకుడి ఫిర్యాదును చర్చికి పంపకుండా, గుడి తలుపు మూసిన మతం దేవుడి దగ్గరికే ఎందుకు పంపాడు?

దీనికి రెండు జవాబులు వినిపిస్తుంటాయి. 'మేఘసందేశం' పద్ధతి తీసుకున్నాడు కాబట్టి దారి ఉత్తరానికి, కైలాసం వైపే పోవాలన్నది ఒకటి. జాషువాకు హైందవ సంస్కారం మీద మోజు తీరలేదన్నది రెండోది. మొదటిది కావ్యం రూపం గురించి చెబుతుందేగానీ ఉద్దేశం చెప్పదు. రెండోది కవికి చేసే అన్యాయం. అగ్రహారం ఆయన్ని అంటరానివాడని అవమానించింది. హిందూ పురాణాల మీద పద్యాలు రాస్తున్నాడని తోటి క్రైస్తవులూ ఆయన్ని దూరం పెట్టారని జీవితచరిత్రకారులు రాశారు. రెండు వైపులా దెబ్బలు తిన్నవాడికి మోజు అంటగట్టడం తేలిక. కానీ ఆ మాట కావ్యాన్ని వివరించదు.

మా వాదన ఇది. ఫిర్యాదు ఎప్పుడూ ముద్దాయి చిరునామాకే వెళ్ళాలి. వర్ణధర్మం పేరుతో తిండి, నీళ్ళు, గుడి, బడి లాక్కున్నది ఎవరో వాళ్ళ దేవుడి ముందే లెక్క తేలాలి. చర్చి సంగతి వేరు. అరుంధతీసుతుడు వెళ్ళి తలుపు తట్టాల్సిన పరాయి ఇల్లు కాదది. పల్నాడులో ఆ చర్చిని కట్టింది వాడే, అందులో కూర్చున్నదీ వాడే. తనకు తాను రాయబారం ఎవడు పంపుకుంటాడు?

'బీదల పట్ల క్రైస్తవుల బాధ్యత' అనే మాటలోని తిరకాసు ఇక్కడే ఉంది. ఆ మాట పుట్టిన చోట క్రైస్తవుడు వేరు, బీదవాడు వేరు. ఒకడు ఇచ్చేవాడు, ఇంకొకడు పుచ్చుకునేవాడు. గురజాల, మాచర్ల, నరసరావుపేట పల్లెల్లో ఈ లెక్క కుదరదు. ఇక్కడ మిరప కోతకు పోయే కూలీయే సంఘ పెద్ద. ఆదివారం ధనవంతుడు, లాజరు కథ మీద ప్రసంగం జరుగుతుంది. బీదల మీద జాలి చూపమని పాస్టరుగారు చెబుతారు. వింటున్నవాళ్ళంతా లాజర్లే! ధనవంతుడు ఆ సమయానికి ఊళ్ళో అరుగు మీద కూర్చుని రేపటి కూలి రేటు ఖాయం చేస్తుంటాడు. అంటే ప్రసంగం తప్పు చిరునామాకు పోతోంది.

చరిత్రను ఒకసారి తిరగేద్దాం. అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు, 1849లో గురజాలలో కాపురం పెట్టాడు. బాప్టిస్టు మిషన్ 1883లో నరసరావుపేటలోనూ వినుకొండలోనూ కేంద్రాలు తెరిచింది. ఈ కేంద్రాలు ఊరికే రాలేదు. ఒంగోలు వైపు నుంచి పల్లె పల్లెకూ పాకిన ఒక కదలిక వాటికి ముందుంది. దాన్ని మొదలుపెట్టినవాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతవరకూ క్లౌ దొర చూపు బ్రాహ్మణుల మీద కూడా ఉండేది. మాదిగలు వస్తే మేం రామని పైకులాలవాళ్ళు షరతు పెట్టారు. దొర మాదిగల్ని ఎంచుకున్నాడని మిషన్ చరిత్రలు రాస్తాయి. అంతకంటే ముందు మాదిగలు దొరను ఎంచుకున్నారని మనం రాయాలి.

ఆ తొలి విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. చూడ్డానికి ఇవి భక్తి నియమాలు. ఊరి కరణానికీ మునసబుకూ మాత్రం అసలు అర్థం వెంటనే తెలిసిపోయింది. ఆదివారం పనికి రాననడమంటే వెట్టికి రాననడం. విగ్రహానికి మొక్కననడమంటే జాతరలో డప్పు కొట్టననడం. అందుకే బావులు మూసేశారు, అంగళ్ళు మూసేశారు, దొంగ కేసులు పెట్టారు. చర్చి ఆత్మల సంగతి చూసుకోవాలి, కూలీ భూమీ దానికెందుకు అనేవాళ్ళు ఈ ఘట్టాన్ని చదవాలి. మొదటి తరానికి దెబ్బలు పడ్డది కేవలం ప్రార్థన చేసినందుకు కాదు, ఊరి పని పద్ధతిని కాదన్నందుకు.

ధాత కరువు నాటి సంగతీ ఇలాంటిదే. 1876-78లో జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతం మారారన్న నింద రాకూడదని ఆయన జాగ్రత్త. మనకు అంతకంటే ముఖ్యమైనది, అక్కడ జనానికి అందింది ముష్టి కాదు, పనికి కూలి. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఆ బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులు. గంజి ఆగాక వచ్చినవాళ్ళను గంజి క్రైస్తవులనడం ఏ లెక్కన న్యాయం?

తర్వాత తర్వాత ఏం జరిగింది? బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, హాస్టలు వచ్చింది. వాటి విలువను తక్కువ చెయ్యలేం. ఆ బడి లేకపోతే మనలో చాలామందికి అక్షరం లేదు. జాషువా పంతులు ఉద్యోగమూ అక్కడిదే. కానీ బాధ్యత అన్న మాట కాంపౌండు గోడ లోపలికి కుదించుకుపోయింది. కాంపౌండు లోపల మందు, బట్ట, గోధుమ రవ్వ. గోడ బయట భూమి, కూలి, నీళ్ళ వాటా. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలవకు నీళ్ళు వదిలారు. పల్నాడు నేల రూపం మారింది. పత్తికీ మిరపకూ పేరుపడింది. ఆ నేల మీద వంగి కోసేవాళ్ళలో ఎక్కువమంది ఆదివారం చర్చిలో కూర్చునేవాళ్ళే. సెంటు భూమి లేని ఆ కూలీల తరఫున భూమి ప్రశ్నను భుజానికెత్తుకోవడం సంఘాల పని కాకుండా పోయింది.

ఇక్కడ 'గబ్బిలం' మళ్ళీ పనికొస్తుంది. రాతిబొమ్మల పెళ్ళిళ్ళకు వేలు తగలేస్తారు, ఖాళీ చిప్ప పట్టుకున్న బీదవాడికి మెతుకు విదల్చరని ఆ కావ్యం నిలదీస్తుంది. కర్మ సిద్ధాంతంతో నోరు కట్టేసి వాడి తిండి వీళ్ళు తింటున్నారని లెక్క చెబుతుంది. ఈ మాటలు గుడికి మాత్రమే అనుకుని చర్చిలో చప్పట్లు కొడితే చాలదు. పాత మిషన్ల ఆస్తుల మీద, పదవుల మీద కోర్టు తగాదాలకు సంఘం డబ్బు ఎంత పోతోంది? గాలిగోపురాల్లాంటి కొత్త చర్చిలకెంత, మైకులకెంత, సభల పందిళ్ళకెంత? ఆ కానుకల పెట్టెలో పడ్డది మిరపకోత కూలి. 'ఇక్కడ ఓర్చుకో, పరలోకంలో దొరుకుతుంది' అన్న బోధ కర్మ సిద్ధాంతానికి ఎంత దూరంలో ఉంది? పూజారి లేని సమయం చూసుకోమన్నాడు కవి. మన సంఘాల్లో ఆ సమయం దొరుకుతోందా?

రెండో నిజం ఇంకా చేదు. పల్నాడుకు సమానత్వం పరాయి దేశం నుంచి దిగుమతైన సరుకు కాదు. బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడని వీరగాథ చెబుతుంది. ఇప్పటికీ కారంపూడి తిరనాళ్ళలో చాపకూడు పెడతారు. ప్రభువు బల్ల కూడా ఒక చాపకూడే. అయితే లూథరన్ సంఘాల్లో మాలలు, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా చేరారు. రెండు మిషన్లు, రెండు గూడేలు, రెండు బల్లలు. ఒకే రొట్టె అని పాడుకుంటూ విడివిడిగా విరుచుకున్నారు. 1994లో ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు, మాదిగలు వాటా అడిగిన ఆ సమయంలో, రెండు వైపుల పాస్టర్లూ ఒక చాప మీద కూర్చుని మాట్లాడుకోగలిగి ఉంటే చర్చికి ఆ మాట చెప్పే అర్హత వచ్చేది. చాపకూడుది కూడా ఇదే పరిమితి. ఒక పూట కలిసి తిన్నారు, మర్నాడు ఎవరి పొలానికి ఎవరు పోయారన్నది గాథ చెప్పదు. కలిసి తినడం మొదలు మాత్రమే.

మూడోది కాగితం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుడు బయటే ఉన్నాడు. మన రాష్ట్రంలో వాడు బి.సి.-సి, వాటా ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొట్టడు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో చంపినవాళ్ళు కులాన్నే చూశారు. ఫలితంగా పల్లెలో మనిషి రెండు పేర్లతో బతుకుతున్నాడు. ఎమ్మార్వో ఆఫీసులో హిందువు, ఆదివారం క్రైస్తవుడు. వాణ్ణి అబద్ధికుడనడం సులువు. వాడి చేత ఆ అబద్ధం చెప్పిస్తున్న చట్టం మీద ప్రసంగపీఠం నుంచి ఎన్ని ఆదివారాలు మాట్లాడారు?

ప్రపంచంలోనూ ఈ చర్చ నడిచింది. లాటిన్ అమెరికాలో 1968 మెడెలిన్ సభ తర్వాత, 1971లో గుటియెరెజ్ పుస్తకం తర్వాత, చర్చి పేదల పక్షం ఎంచుకోవాలన్న మాట బలపడింది. అది గొప్ప మలుపు. కానీ ఎంచుకోవడం అంటే ఎంచుకునేవాడు పేదవాడు కాదనేగా? 1980లలో అరవింద్ నిర్మల్ వంటివారు దళిత థియాలజీ మొదలుపెట్టింది ఈ తేడా పసిగట్టే. దళితుడు దేవుడి గురించి తన బాధలోంచి తానే మాట్లాడతాడు, ఇంకొకరి ఎంపిక కోసం కాచుకోడు. పల్నాడు దానికి కొత్తేమీ కాదు. తన గోడు తానే చెప్పుకున్న కథానాయకుణ్ణి జాషువా 1941లోనే నిలబెట్టాడు.

కాబట్టి బాధ్యత అనే మాటను మనం తిరగరాయాలి. అది పైనుంచి కిందికి జారే కరుణ కాదు. సంఘం తన సొంత మనుషులకు చెప్పాల్సిన లెక్క. మిషన్ భూముల లెక్క సభ్యులందరి ముందూ పెట్టాలి. మాల సంఘం, మాదిగ సంఘం ఒకే బల్ల దగ్గరికి రావాలి, ఆ తర్వాత కూలి రేటు దగ్గరా కలిసి నిలబడాలి. 1950 ఉత్తర్వులోని మతం షరతు మీద సంఘాలు వీధిలోకి రావాలి. విద్యార్థులు, ఉపాధ్యాయులు చెయ్యగలిగిన పని ఇంకొకటుంది. 'గబ్బిలా'న్ని పాఠ్యపుస్తకం నుంచి గూడెం చర్చి మెట్ల మీదికి తెచ్చి, అక్కడున్న కూలీలతో కలిసి చదవడం. గుడిని అడిగిన ప్రశ్నలు చర్చిని కూడా అడగడానికి వాళ్ళకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.