‘తారే జమీన్ పర్’ – ఉపాధ్యాయ శిక్షణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అభ్యసన వైకల్యాల గురించి మన ఉపాధ్యాయులలో చాలామందికి మొదటి పాఠం చెప్పింది పాఠ్యపుస్తకం కాదు, ఒక హిందీ చలనచిత్రం. ఆమిర్ ఖాన్ దర్శకత్వంలో, అమోల్ గుప్తే రచనతో 2007 డిసెంబరు 21న విడుదలైన ‘తారే జమీన్ పర్’ డిస్లెక్సియా అనే మాటను ఇంటింటికీ చేర్చింది. అప్పటికి అమలులో ఉన్న 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే పేర్కొంది. వాటిలో అభ్యసన వైకల్యం లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలతో సహా 21 వైకల్యాలను గుర్తించిన 2016 నాటి చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అంటే చట్టం కంటే దాదాపు పదేళ్ళ ముందే ఈ చిత్రం ఉపాధ్యాయులను చేరింది.

శిక్షణ తరగతులలో ఈ చిత్రం ప్రస్తావన నేటికీ తరచుగా వస్తుంది. కాబట్టి దీన్ని ఒక శిక్షణ పాఠంగా భావించి పరిశీలించడం అవసరం. ఇది ఏమి నేర్పుతుంది? ఏమి నేర్పకుండా వదిలివేస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానాన్ని తుంగభద్ర ఒడ్డున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మంత్రాలయం మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని వైపు నుంచి వెతుకుదాం.

2. చిత్రం బాగా నేర్పే విషయాలు

ఇషాన్ అవస్థి ఎనిమిదేళ్ళ బాలుడు. మూడవ తరగతిలోనే రెండవ ఏడు చదువుతున్నాడు. అక్షరాలు కుదురుగా నిలవవు, చొక్కా బొత్తాలు పెట్టుకోవడమూ కష్టమే. తండ్రి దానిని బద్ధకమనీ మొండితనమనీ అనుకుంటాడు, దూరంగా వసతి పాఠశాలలో చేర్పిస్తాడు. అక్కడికి తాత్కాలిక చిత్రకళా ఉపాధ్యాయుడుగా వచ్చిన రామ్ శంకర్ నికుంభ్ అతని ఇబ్బందిని గుర్తిస్తాడు.

ఈ గుర్తింపు ఎలా జరిగిందో గమనించండి. నికుంభ్ ఒక పరీక్ష పెట్టి మార్కులు వేయలేదు. ఇషాన్ పాత నోటు పుస్తకాలు తిరగవేశాడు. ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడాడు. ఒకే రకమైన తప్పు మళ్ళీ మళ్ళీ రావడం చూసి, వాటి వెనుక ఒక క్రమం ఉందని గ్రహించాడు. ‘ఎన్ని తప్పులు’ అని కాక ‘ఏ రకం తప్పులు’ అని అడగడమే గుర్తింపులో మొదటి మెట్టు. తెలియని విదేశీ లిపి ఉన్న పెట్టెను తండ్రి చేతికిచ్చి చదవమనే సన్నివేశం, బిడ్డ అనుభవాన్ని ఏ ఉపన్యాసం కంటే తేలికగా అర్థం చేయిస్తుంది.

మరో సన్నివేశాన్ని శిక్షకులు సాధారణంగా వదిలివేస్తారు. హిందీ తరగతిలో ఇషాన్ ఒక కవిత భావాన్ని తన మాటలలో చక్కగా చెబుతాడు. ఉపాధ్యాయుడు దాన్ని అంగీకరించడు. పక్కనున్న రాజన్ మాత్రం నీవు చెప్పిందే సరైనదంటాడు. విని అర్థం చేసుకోగలగడం, చదివి అర్థం చేసుకోలేకపోవడం – ఈ రెండింటి మధ్య దూరం డిస్లెక్సియాను అనుమానించడానికి ముఖ్యమైన ఆధారం. చిత్రం దీనిని చూపింది, కానీ ఎక్కడా వివరించలేదు.

3. అన్న యోహాన్ చేసే పని

ఇషాన్ ఇబ్బంది డిస్లెక్సియాయే అని ప్రేక్షకుడు ఎందుకు వెంటనే నమ్ముతాడు? అన్న యోహాన్ వల్ల. ఒకే ఇల్లు, అవే పుస్తకాలు, చదువుకున్న అదే తల్లిదండ్రులు. యోహాన్ తరగతిలో మొదటివాడు. అతన్ని పక్కన నిలబెట్టడంతో ఇతర కారణాలన్నీ వాటంతట అవే తొలగిపోతాయి. బడికి పోకపోవడం, పుస్తకం లేకపోవడం, ఇంటి భాష వేరు కావడం అనే ప్రశ్నలు చిత్రంలో పుట్టవు. వాటికి సమాధానాలను కథ ముందే ఇచ్చివేసింది.

నిర్ధారణలో ఈ తొలగింపు చాలా కీలకమైన భాగం. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్య సంఘపు నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు కూడా, తగిన సహాయం అందించినప్పటికీ కనీసం 6 నెలలు ఇబ్బంది కొనసాగాలని చెబుతుంది. బోధన సరిగా అందకపోవడం, బోధనా భాష రాకపోవడం దానికి కారణం కాకూడదని కూడా చెబుతుంది. చిత్రం ఈ రెండు నిబంధనలనూ కథ ఏర్పాటులోనే దాటించివేసింది. మంత్రాలయం ఉపాధ్యాయునికి ఆ సౌకర్యం లేదు.

4. సుగ్గి, ఇంటి భాష

కర్నూలు జిల్లా పడమటి మండలాలలో వర్షాధార సేద్యమే ఎక్కువ. పంట చేతికి రాని ఏడు కుటుంబాలు సుగ్గికి బయలుదేరతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి నెలల తరబడి వెళ్ళిపోతాయి. పిల్లలను చూసేవారు లేక వెంట తీసుకుపోయేవారూ ఉన్నారు. పిల్లలను ఊళ్ళోనే నిలపడానికి సీజనల్ హాస్టళ్ళు నడిపినా, అందరూ నిలవరు. మూడవ తరగతి రిజిస్టరులో పేరుండి, నిజానికి ఏడాదిలో సగం రోజులు కూడా తరగతిలో లేని పిల్లవాడు గుణింతాలు మరచిపోతే, అది వైకల్యమా? బడికి దూరమైన ఫలితమా?

ఇంటి భాష విషయం ఇంకా సున్నితమైనది. సరిహద్దు గ్రామాలలో కన్నడం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగులో ‘ప’తో మొదలయ్యే అనేక పదాలు కన్నడంలో ‘హ’తో మొదలవుతాయి. మన పులి వారికి హులి, మన పాలు వారికి హాలు, మన పువ్వు వారికి హూవు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన బాలిక పుస్తకంలో ‘పులి’ అని ఉన్నదానిని ‘హులి’ అని చదివిందనుకోండి. తెలుగు లిపిలో ప, హ ఆకారాలు కూడా కొంత దగ్గరగా ఉంటాయి. పరిశీలన పట్టిక చేతబట్టుకున్న ఉపాధ్యాయుడు ‘ఒకే పోలిక ఉన్న అక్షరాలను తారుమారు చేస్తుంది’ అనే గడిలో టిక్కు పెడతాడు. నిజానికి ఆ బాలిక బొమ్మను చూసి, అర్థం గ్రహించి, తన ఇంటి మాటలో చెప్పింది. అది అర్థంతో చదవడానికి గుర్తు. దీనికి తోడు, ఒక పేజీ ఇంగ్లీషులోను ఎదుటి పేజీ తెలుగులోను ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చిన తరవాత అలాంటి పిల్లలు ఏకకాలంలో మూడు భాషలతో వ్యవహరించవలసి వస్తున్నది.

అయితే దీనికి ఎదురుగా మరో పొరపాటు పొంచి ఉంది. ‘వీళ్ళు సుగ్గి పిల్లలు, ఇంతకంటే రాదులే’ అని ఉపాధ్యాయుడు అనుకుంటే, వారిలో నిజంగా డిస్లెక్సియా ఉన్న బిడ్డ ఎప్పటికీ కంటబడదు. ‘మావానికి చదువు తలకెక్కదు సార్’ అని తల్లి చెప్పిన మాటనే బడి కూడా ఒప్పుకున్నట్టవుతుంది. మరుసటి సుగ్గికి వెళ్ళిన ఆ బిడ్డ తిరిగి బడికి రాకపోవచ్చు. లేని వైకల్యాన్ని అంటగట్టడం, ఉన్న వైకల్యాన్ని పేదరికం కింద జమకట్టడం – రెండూ బిడ్డకు నష్టమే. ఈ రెండింటి మధ్య దారిని చిత్రం చూపదు.

5. లిపి తేడా

ఇషాన్ తప్పులలో ఎక్కువగా గుర్తుండేవి ఇంగ్లీషు అక్షరాలను అటుదిటుగా, అద్దంలోలాగా రాయడం. ఈ చిత్రం చూసిన ఉపాధ్యాయుడు తెలుగు నోటు పుస్తకంలోనూ తలకిందులైన అక్షరాల కోసమే వెతుకుతాడు. అవి కనబడకపోతే ఇబ్బంది లేదనుకుంటాడు.

తెలుగులో అక్షరానికీ ధ్వనికీ సంబంధం చాలావరకు స్థిరంగా ఉంటుంది. అందుచేత డిస్లెక్సియా ఉన్న బిడ్డ కూడా కష్టపడితే తప్పు లేకుండా చదవగలడు, కానీ చాలా నెమ్మదిగా చదువుతాడు. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాడు. కాబట్టి తప్పులతో పాటు వేగాన్ని కూడా గమనించాలి. దీర్ఘాలు ఎగిరిపోవడం, ‘అమ్మ’ను ‘అమ’ అని రాయడం, ఒత్తులు వదలడం, ద-ధ-థ, ప-ష-స వంటి వాటిలో తడబాటు ఏళ్ళ తరబడి కొనసాగడం గమనించదగినవి. ‘శక్తి’ అనే పదం చూడండి. గుడి ‘క’ మీద ఉంది, కానీ ఆ ధ్వని కింద ఉన్న ‘త’ తరవాత పలకాలి. కంటికి కనబడే వరుస వేరు, నోటికి వచ్చే వరుస వేరు. మామూలుగా చదివే పిల్లలు కొద్ది వారాలలో దాటే ఈ మెట్టు దగ్గర కొందరు సంవత్సరాలు ఆగిపోతారు. తెలుగు ఉపాధ్యాయునికి ఇవ్వవలసిన శిక్షణ ఇలాంటి స్థలాల దగ్గర మొదలుకావాలి.

6. ఒక్క నికుంభ్, ఒక బహుమతి

చిత్రంలో ఇతర ఉపాధ్యాయులు కసరేవారు, దండించేవారు. నికుంభ్ ఒక్కడే అర్థం చేసుకుంటాడు, అదీ తనకు కూడా చిన్నప్పుడు డిస్లెక్సియా ఉండడం వల్ల. కథకు ఇది బలాన్నిచ్చింది, శిక్షణకు మాత్రం చిక్కు తెచ్చింది. శిక్షణకు వచ్చే ఉపాధ్యాయులలో అత్యధికులకు ఆ అనుభవం ఉండదు. వారు అభ్యాసంతో నేర్చుకోవాలి. కసిరే ఉపాధ్యాయుడు ఎలా మారాడో చిత్రంలో మనం చూడం. శిక్షణకు ఎక్కువగా పనికివచ్చే కథ అదే.

ముగింపులో ఇషాన్ చిత్రలేఖన పోటీలో గెలుస్తాడు. గొప్పవారిలో కూడా ఇలాంటి ఇబ్బంది పడినవారున్నారని నికుంభ్ తరగతిలో చెబుతాడు. ఇది ధైర్యమిచ్చే మాటే. కానీ ప్రతి డిస్లెక్సియా బిడ్డలోనూ దాగిన కళాకారుడు ఉండడు. బొమ్మలు వేయలేని, ఆటలో గెలవలేని, మామూలు బిడ్డకు కూడా చదవడం నేర్చుకునే హక్కు ఉంది. ఇసుకలో రాయించడం, మట్టితో అక్షరాలు చేయించడం, మెట్ల మీద లెక్కలు చెప్పించడం, మౌఖిక పరీక్షకు అనుమతి కోరడం వంటి అసలైన బోధన చిత్రంలో ఒక పాట నిడివిలో అయిపోతుంది. తరగతిలో దానికి నెలలు పడుతుంది.

7. మంత్రాలయం తరగతి గదికి పనికివచ్చే పద్ధతి

చిత్రంలోని మంచిని నిలుపుకుంటూ, లోపాన్ని ఇలా పూరించవచ్చు.

(అ) మొదట చూపు, వినికిడి పరీక్ష చేయించండి. హాజరు రిజిస్టరు చూసి బిడ్డ నిజంగా ఎన్ని నెలలు బడిలో ఉన్నాడో లెక్కించండి. ఇంటి భాష ఏదో రాసిపెట్టుకోండి.

(ఆ) మీ యోహాన్‌ను వెతకండి. పట్టణంలో స్థిరంగా చదివే పిల్లలతో పోల్చకండి. అదే సుగ్గికి వెళ్ళి వచ్చిన, అదే భాష మాట్లాడే తోటి పిల్లలతో, అన్నదమ్ములతో పోల్చండి. వారందరూ అందుకుంటున్నదానిని ఈ బిడ్డ ఒక్కడే అందుకోలేకపోతే మీ అనుమానానికి బలం ఉంది.

(ఇ) కథ వినిపించి ప్రశ్నలు అడగండి. తరవాత అదే స్థాయి కథను చదివించి అడగండి. కన్నడం ఇంటి భాష అయితే కన్నడంలో జవాబు చెప్పనివ్వండి.

(ఈ) వెంటనే బోధన మొదలుపెట్టండి. రోజుకు కొద్దిసేపు ధ్వనులు, గుణింతాలు, ఒత్తులు క్రమంగా నేర్పుతూ వారం వారం నమోదు చేయండి. బడికి దూరమై వెనుకబడిన బిడ్డ సాధారణంగా త్వరగా పుంజుకుంటాడు. పుంజుకోని బిడ్డను భవిత కేంద్రంలోని సహిత విద్య ఉపాధ్యాయుని ద్వారా నిపుణుల పరీక్షకు పంపండి.

(ఉ) బిడ్డ సుగ్గికి వెళుతుంటే ఆ నమోదు కాగితాన్ని తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. అక్కడి బడిలో చేరితే అక్కడి ఉపాధ్యాయునికి ఉపయోగపడుతుంది.

వైకల్యం పేరు నిర్ణయించడం ఉపాధ్యాయుని పని కాదు. 2018 మార్గదర్శకాల ప్రకారం ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు నిండిన తరవాతనే లభించేది, 14, 18 ఏళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించవలసి ఉండేది. కానీ 2016 చట్టం 16వ సెక్షన్ అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవాలని విద్యాసంస్థలకు చెబుతుంది. ఆ చర్యలు ధ్రువపత్రం కోసం ఆగనవసరం లేదు.

8. సారాంశం

‘తారే జమీన్ పర్’ ఉపాధ్యాయునికి బిడ్డపై కోపాన్ని తగ్గించి, తప్పుల వెనుక కారణం వెతికే చూపునిస్తుంది. ఆ మేరకు దాని విలువ తగ్గలేదు. కానీ ఇతర కారణాలన్నీ తొలగిపోయిన ఇంట్లో కథను నడపడం వల్ల, కారణాలను వేరుచేసే కష్టమైన పనిని అది నేర్పలేదు. సుగ్గి, ఇంటి భాష, తెలుగు లిపి కలిసి ఉన్న తరగతిలో ఆ పనిని బోధన ద్వారానే చేయాలి. శిక్షణలో చిత్రం చూపించడం మంచిదే, చూపించిన తరవాత పిల్లల నోటు పుస్తకాలు తెరిపించడం తప్పనిసరి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చిత్రంలో యోహాన్ పాత్ర గుర్తింపు ప్రక్రియను ఎలా సులభం చేసింది? మీ పాఠశాలలో అలాంటి పోలిక ఎవరితో చేస్తారు?

2. మీ తరగతిలో చదవడంలో వెనుకబడిన ఒక విద్యార్థి నోటు పుస్తకాలను నాలుగు వారాలు పరిశీలించి, తప్పులను రకాలుగా విభజించండి. వాటిలో ఇంటి భాష ప్రభావం వల్ల వచ్చినవి ఏవో విడిగా రాయండి.