పెట్టెమీది వాట్లు, చెవికి చేరు ధ్వని

వంకాయలు కొనువారు ఒక్కొక్క కాయను త్రిప్పి చూచి, పుచ్చు లేదని తెలిసికొన్న పిమ్మటనే సంచిలో వేసికొందురు. కంప్యూటరు స్పీకర్లు కొనునపుడు మాత్రము మనలో అనేకులు పెట్టెమీద అచ్చువేసిన పెద్ద అంకెను చూచి డబ్బు చెల్లించుచున్నారు. ఆ అంకె ఎంతవరకు నిజమో విమర్శించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒక పాఠశాలకు కంప్యూటరు వచ్చినది. స్పీకర్లకు మిగిలినది రెండువేల రూపాయలు మాత్రమే అనుకొందము. తప్పుడు వస్తువు కొన్నచో మరల కొనుటకు ఆ సంవత్సరము నిధులుండవు. ముందు బెంచీలవారికి పాఠము వినబడును. వెనుక బెంచీలవారికి ఏదో గొణుగుడు చేరును. వారు అల్లరి చేయుచున్నారని మనము కోపపడుదుము. నిజమునకు తప్పు వారిది కాకపోవచ్చును.

పెట్టెమీద మొదట కనబడునది “1000 వాట్లు పి.ఎమ్.పి.ఓ.” వంటి ప్రకటన. పి.ఎమ్.పి.ఓ. అనగా ‘పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్’. వేయి వాట్లనగా ఒక ఇస్త్రీపెట్టె తీసికొనునంత శక్తి! అరచేతిలో పట్టు స్పీకరు అంత శక్తిని ఎట్లు ఇవ్వగలదు? ఇవ్వలేదు. ఈ పేరుతో చెప్పు శక్తిని ఎంత క్షణకాలమునకు కొలువవలెనో, ఎంత వికృతిని అనుమతింపవలెనో అందరును అంగీకరించిన ప్రమాణమేదియు లేదు. ప్రమాణము లేని కొలతను కొలత అనుటయే పొరపాటు. విశ్వసింపదగినది స్పీకరు ఎడతెగక ఇవ్వగల సగటు శక్తి. దీనిని పెట్టెలమీద ‘ఆర్.ఎమ్.ఎస్.’ అని వ్రాయుదురు. ఇట్టి మోసములు పెరిగినందుననే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధనను చేసినది. ఇండ్లలో వాడు ధ్వనివర్ధకముల శక్తిని ప్రకటించువారు ఎడతెగని శక్తిని, అది ఏ పౌనఃపున్యముల మధ్య, ఎంత వికృతితో లభించునో కూడ చెప్పవలెనని దాని సారాంశము.

మన విద్యార్థులకు తెలిసిన శక్తినిత్యత్వ నియమము ఇచట గొప్ప సహాయకారి. స్పీకరునుండి వెలువడు శక్తి దానిలో ప్రవేశించిన శక్తిని మించజాలదు. కంప్యూటరులోని సామాన్య యు.ఎస్.బి. 2.0 రంధ్రము 5 వోల్టుల వద్ద 0.5 ఆంపియరు విద్యుత్తును ఇచ్చును. రెండింటిని గుణించినచో 2.5 వాట్లు. కావున ఆ రంధ్రమునుండియే విద్యుత్తు తీసికొను స్పీకరు “20 వాట్లు” అని చెప్పుకొన్నచో, ఆ మాటను నమ్మ నక్కరలేదు. లోపలి కెపాసిటరులో నిలువచేసిన శక్తివలన ఒక్క క్షణము ఎక్కువ రావచ్చును గాని, సగటు పెరుగదు. గోడప్లగ్గునకు తగిలించు అడాప్టరు ఉన్నచో, దానిమీద ‘అవుట్‌పుట్’ అను మాటకెదురుగా ఉన్న వోల్టులను, ఆంపియర్లను గుణింపుడు. 12 వోల్టులు, 1.5 ఆంపియర్లయినచో 18 వాట్లు. అదియే గరిష్ఠ పరిమితి. ఈ పరీక్షకు పరికరమేదియు అక్కరలేదు. ఎనిమిదవ తరగతి లెక్క చాలును.

అయితే ఎక్కువ వాట్లున్నదే మేలైనదా? అదియు కాదు. సామాన్య స్పీకరు తనకందిన విద్యుచ్ఛక్తిలో ఒక శాతమునకు మించి ధ్వనిగా మార్చుట అరుదు. తక్కినది వేడిగా మారిపోవును. అందుచేత స్పీకరుయొక్క దక్షత ముఖ్యము. ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్ల ధ్వని కలుగునో చెప్పు అంకె అది. శక్తిని రెట్టింపు చేసినచో పెరుగునవి 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచుటకు సుమారు 10 డెసిబెల్లు, అనగా పదిరెట్ల శక్తి కావలెను.

తరగతిగదికి లెక్క వేసి చూతము. ఒక చిన్న స్పీకరు దక్షత 80 డెసిబెల్లు, శక్తి 2 వాట్లు అనుకొందము. మీటరు దూరమున 83 డెసిబెల్లు. దూరము రెట్టింపయినప్పుడెల్ల 6 డెసిబెల్లు తగ్గును గనుక, ఎనిమిది మీటర్ల దూరమున మిగులునవి 65. మాటలోని శిఖరములు సగటుకంటె సుమారు 12 డెసిబెల్లు పైకి పోవును. కావున వికృతి లేకుండ మాట్లాడింపవలెనన్నచో సగటు 53 మాత్రమే. పంకాలు తిరుగు గదిలో రొద 50 ఉన్నదనుకొన్నచో, మాటకును రొదకును మధ్య భేదము 3 డెసిబెల్లే. మాట స్పష్టముగా తెలియుటకు 15 డెసిబెల్ల భేదముండవలెనని ధ్వనిశాస్త్రజ్ఞులు సిఫారసు చేయుదురు. గోడలనుండి తిరిగివచ్చు ధ్వని కొంత తోడ్పడును గాని, మాటలను కలగాపులగము చేయునదియు అదియే. ఇక దక్షత 88, శక్తి 20 వాట్లు గల స్పీకరును తీసికొన్నచో, వెనుక బెంచీవద్ద సగటు 71 వచ్చును, భేదము 21. ఇట్లు వెనుక బెంచీ విద్యార్థి చదువు కొంతవరకు ఈ చిన్న కూడికల మీద ఆధారపడి ఉన్నది.

పెట్టెమీది రెండవ ప్రకటన “20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు” అనునది. ఇది మానవకర్ణము వినగల మేర. పాఠ్యపుస్తకమునుండి ఎత్తి వ్రాసినట్లుండును. ఈ మేరలో ధ్వని ఎన్ని డెసిబెల్ల హెచ్చుతగ్గులతో వచ్చునో చెప్పనిచో ఆ వాక్యమునకు అర్థము లేదు. తీగచుట్టకు శంకువును అతికించి అయస్కాంతక్షేత్రములో కదలించు స్పీకరును అమెరికాలో రైస్, కెల్లాగ్ అనువారు 1925లో ప్రకటించినారు. నేటి స్పీకర్లలో అత్యధికభాగము ఆ సూత్రము మీదనే పనిచేయుచున్నవి. పౌనఃపున్యము సగమయినచో, అంతే బిగ్గరగా వినిపించుటకు శంకువు నాలుగురెట్ల దూరము ముందువెనుకలకు కదలవలెను. రెండంగుళముల శంకువు 50 హెర్ట్జ్ వద్ద అంత కదలలేదు. కదలింప యత్నించినచో గరగరలాడును.

ఈ లోపమును సవరించుటకు పెట్టె నిర్మాణమే ఒక శాస్త్రమైనది. థురాస్ అను ఇంజనీరు పెట్టెకు రంధ్రము పెట్టి వెనుకవైపు ధ్వనిని వినియోగించు పద్ధతికి 1932లో పేటెంటు పొందినాడు. 1954లో విల్చర్ అనునతడు మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగువలె వాడినాడు. కావున పెట్టెను వ్రేలితో తట్టి చూడుడు. పలుచని డొల్లశబ్దము వచ్చినచో, పాటతోపాటు పెట్టెయు పాడునని గ్రహింపుడు.

చిన్న స్పీకర్లన్నియు పనికిమాలినవని నా అభిప్రాయము కాదు. మూలస్వరము లేకున్నను, దాని అనుస్వరములనుబట్టి మెదడు ఆ స్వరమును ఊహించుకొనును. అందుచేతనే 300 హెర్ట్జ్‌కు దిగువను అంతగా ఇవ్వని పాత టెలిఫోనులో కూడ తండ్రిగొంతును గుర్తుపట్టగలిగితిమి. ఒంటరిగా బల్లముందు కూర్చుండి చదువుకొను విద్యార్థికి యు.ఎస్.బి. స్పీకరు చాలును. ఆ స్పీకరును తరగతిగదికి తగినదని చెప్పి అమ్ముటయే దోషము.

మరి దుకాణములో పరీక్షించుట ఎట్లు? మొదట, శ, ష, స గల మాటలను వినుడు. ఈ అక్షరముల భేదము అధికభాగము 2,000 హెర్ట్జ్‌కు పైననే ఉన్నది. మూడును ఒకటిగా వినబడినచో ఆ స్పీకరు శ్రుతలేఖనమునకు పనికిరాదు. రెండవది, మృదంగములో ఎడమచేతి తొప్పినాదము వినుడు; అది గుండ్రముగా మ్రోగవలెనే గాని అట్టపెట్టెను కొట్టినట్లుండరాదు. మూడవది, పాట ఆపి, ధ్వనిని పూర్తిగా హెచ్చించి, బుసబుస ఎంత ఉన్నదో గమనింపుడు. రెండు స్పీకర్లను పోల్చునపుడు రెండింటిని సమానమైన బిగ్గరతో ఉంచుడు. లేనిచో కొంచెము బిగ్గరగా పలుకునదియే మంచిదని చెవి భ్రమించును. కన్ను కూడ మోసగించును. టూల్, ఆలివ్ అను పరిశోధకులు 1994లో జరిపిన ప్రయోగములో, స్పీకర్లను చూచుచు విన్నవారి తీర్పులు చూడక విన్నవారి తీర్పులకు భిన్నముగా ఉన్నవి. కావున కన్నులు మూసికొని వినుడు.

డబ్బు ఎచట ఆదా చేయవచ్చును? బంగారుపూత తీగలవద్ద చేయవచ్చును. బంగారము త్రుప్పు పట్టదు, అంతియే. కొద్ది మీటర్లకు సామాన్యపు రాగితీగ చాలును. “192 కిలోహెర్ట్జ్” అను ముద్రకును అదనపు డబ్బు ఇయ్యనక్కరలేదు. సెకనుకు 44,100 మాదిరులు తీసికొను పద్ధతి, 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కునాటినుండియు, 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనిని ఇముడ్చుకొనుటకు చాలియున్నది. ఆ డబ్బును పెద్ద శంకువునకు, బరువైన పెట్టెకు వెచ్చించుట మేలు.

గదిని కూడ మరువరాదు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసశాలలో మాట అర్థము కాకుండెను. సబైన్ అను భౌతికశాస్త్రాధ్యాపకుడు కుర్చీల మెత్తలను తెచ్చి పరచుచు, అనురణనము ఎట్లు తగ్గునో కొలిచినాడు. తెరచిన కిటికీని ఆయన శోషణకు ప్రమాణముగా గైకొన్నాడు. మన సిమెంటు గోడల గదులలో కిటికీలు తెరచుట, వెనుక గోడకు పాతదుప్పటి వ్రేలాడదీయుట దాదాపు ఖర్చులేని చికిత్సలు. స్పీకర్లను బల్లక్రింద గాక, విద్యార్థుల చెవులకంటె కొంచెము ఎత్తున, వారివైపు త్రిప్పి ఉంచవలెను.

తయారీదారులు ఎడతెగని శక్తి, దక్షత, హెచ్చుతగ్గులతో కూడిన పౌనఃపున్యముల మేర అను మూడు అంకెలను నిజాయితీగా అచ్చువేసినచో ఈ వ్యాసముతో పని ఉండదు. అంతవరకు ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చును. స్పీకరు కొనుటకు ముందు పెట్టెమీది అంకెలను నల్లబల్లపై వ్రాసి, అవి సాధ్యమో కాదో విద్యార్థులచేతనే లెక్క వేయింపుడు. కొన్న తరువాత వెనుక బెంచీలో తాము కూర్చుండి ఒక పాఠము పూర్తిగా వినుడు.