ప్లగ్గు చూసి చెప్పేవాడు

మారుతి 800 తయారీ 2014లోనే ఆగింది. మెదక్‌లో మాత్రం అది ఇంకా పెళ్లిళ్లకూ, ఏడుపాయల జాతరకూ ఇంటిల్లిపాదినీ మోస్తూనే ఉంది. ఆ ఘనత సగం కంపెనీది, సగం షెడ్డు మెకానిక్‌ది. నన్నడిగితే మెకానిక్‌దే ఎక్కువ. కార్బురేటర్ బండి వస్తే ఆయన ముందుగా సామాను చీటీ రాయడు; ప్లగ్గు విప్పి చూస్తాడు. నల్లటి మసి పట్టిందా, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లబారిందా, ఇంజిన్ వేడెక్కుతోంది. లేత మట్టిరంగులో ఉంటే ఢోకా లేదు. "కడిగితే అయిపోతది సార్, కొత్తదెందుకు, పైసలు దండుగ" అంటాడు. ఆ మాటకు బిల్లులో పద్దు ఉండదు. టైమింగ్ బెల్టు దగ్గర మాత్రం బేరం వినడు. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అందుకోసం జరిగే బండి తనిఖీకి వెళ్లేముందు బ్రేకులు, లైట్లు ఆయనకొకసారి చూపించండి.