కొయోటీ వేట, కొయోటీ తోలు — ఒక గ్రంథ పరిశీలన

ఉత్తర అమెరికాలో నివసించే కొయోటీ మన నక్కకు దగ్గరి చుట్టం. తోడేలు కంటె చిన్నది, నక్క కంటె కొంత పెద్దది. బరువు సాధారణంగా 9 మొదలు 16 కిలోగ్రాముల వరకు ఉంటుంది. థామస్ సే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1823లో దీనికి కానిస్ లాట్రాన్స్, అనగా మొరిగే కుక్క, అని నామకరణం చేశాడు. దీనిని రూపుమాపటానికి అమెరికా ప్రభుత్వం చేసిన ప్రయత్నాలూ, అవి విఫలమైన తీరూ 2016లో వెలువడిన "కొయోటీ అమెరికా" అనే గ్రంథానికి ప్రధాన విషయం. గ్రంథకర్త డాన్ ఫ్లోరెస్ మొంటానా విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యులుగా పనిచేసినవారు.

చరిత్ర భాగంలో ఆయన చేయి తిరిగినది. 1915లో అమెరికా కాంగ్రెసు క్రూరమృగ సంహారానికి 1,25,000 డాలర్లు కేటాయించింది. 1931 నాటి చట్టం పది సంవత్సరాల పాటు ఏటా పది లక్షల డాలర్లకు అనుమతి ఇచ్చింది. ప్రధానాయుధం స్ట్రిక్నిన్. మన అడవులలో పెరిగే ముష్టి చెట్టు గింజల నుండి లభించే విషం ఇదే. తరువాత ఇంకా తీవ్రమైన విషాలు వచ్చాయి. 1947 మొదలు 1956 వరకు పశ్చిమ రాష్ట్రాలలో సుమారు 65 లక్షల కొయోటీలు చచ్చాయని ఫ్లోరెస్ లెక్క. కేంద్ర ప్రభుత్వపు భూములలో ఈ విషాలను నిషేధిస్తూ 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు వెలువరించాడు. ఇంత జరిగినా ఆ జంతువు తగ్గకపోగా, హవాయి తప్ప తక్కిన 49 రాష్ట్రాలకూ వ్యాపించింది. పట్టణాల నడిబొడ్డున కూడ కాపురం పెట్టింది. ఈ కథను ఫ్లోరెస్ విసుగు పుట్టకుండా చెప్పారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కారణం చెప్పవలసిన చోట. కొయోటీలు ఊళ వేసి, బదులు వచ్చే ఊళలను బట్టి తమ జనాభాను లెక్కించుకుంటాయట. బదులు తక్కువైతే ఆడ కొయోటీల శరీరం దానంతట అదే ఎక్కువ పిల్లలను కంటుందట. వినటానికి ఇంపైన మాటే కాని, ఊళకూ గర్భానికీ ముడి వేయటానికి ఇచ్చిన రుజువు చాలదు. టెక్సస్‌లో నోల్టన్ జరిపి 1972లో ప్రకటించిన పరిశీలనలో, వేట స్వల్పంగా ఉన్న చోట ఈతకు సగటున 4.3 పిల్లలు, తీవ్రంగా ఉన్న చోట 6.9 పిల్లలు కనిపించాయి. సంఖ్య తగ్గినప్పుడు మిగిలినవాటికి తిండి పుష్కలంగా దొరుకుతుంది. బాగా తిన్న తల్లి ఎక్కువ పిల్లలను కంటుంది. ఊళల ప్రసక్తి లేకుండానే లెక్క సరిపోతున్నది. ఏటా నూటికి 70 వంతులు చంపినా ఈ జాతి తట్టుకోగలదని కానలీ, లాంగ్‌హర్‌స్ట్ 1975లో గణితరీత్యా చూపారు. ఈ గ్రంథాన్ని తరగతిలో వాడదలచిన ఉపాధ్యాయులు ఊళల అధ్యాయం పక్కన ఈ అంకెలు ఉంచుకోవటం మంచిది.

ఇంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. కొయోటీని చంపేవారు ఒకే తెగ కాదు. గొర్రెలను కాపాడటానికి చంపేవారు వేరు, తోలు కోసం చంపేవారు వేరు. ఫ్లోరెస్ దృష్టి మొదటివారి మీద, వారి వెనుక ఉన్న ప్రభుత్వం మీద నిలిచింది. తోలు వ్యాపారానికి దక్కిన చోటు స్వల్పం. చచ్చినవాటినన్నిటినీ ఒక్క మొత్తంగా కూడటం వలన, ఆ రెండు వేటలకూ పొంతన కుదరదనే సంగతి మరుగున పడిపోయింది. ఆ సంగతిని తోలే చెబుతుంది.

కొయోటీ దేహం మీద రెండు రకాల రోమాలుంటాయి. పైన పొడవుగా, బిరుసుగా ఉండేవి కాపు రోమాలు. వాటి అడుగున దట్టంగా, మెత్తగా ఉండేది లోబొచ్చు. శరత్కాలంలో పగటి పొద్దు తగ్గే కొద్దీ శీతాకాలపు బొచ్చు మొలుస్తుంది. మొలిచే దశలో రోమమూలాలు రంగు పదార్థంతో నిండి ఉంటాయి గనుక, ఒలిచిన తోలును తిరగవేసి చూస్తే లోపలి వైపు నీలి నలుపుగా కనబడుతుంది. రోమం పూర్తిగా ఎదిగిన పిమ్మట రంగంతా రోమంలోకి చేరుతుంది, తోలు తెల్లబడుతుంది. అందుచేతనే అనుభవం గల వర్తకుడు బొచ్చుతో పాటు తోలు లోపలి వైపును కూడ చూడనిదే ధర కట్టడు. చలి ప్రదేశాలలో నవంబరు నడుమ నుండి జనవరి వరకు తోలు పక్వంగా ఉంటుంది. ఆ తరువాత భుజాల మీద, తుంటి మీద కాపు రోమాలు రాపిడికి విరిగిపోతాయి, ధర పడిపోతుంది. వేసవి తోలుకు విలువే లేదు.

ప్రదేశాన్ని బట్టి కూడ తేడా ఉన్నది. మొంటానా, అల్బెర్టా, సస్కాచువాన్ మైదానాల కొయోటీ బొచ్చు లేతవన్నెలో, పట్టులా, ఒత్తుగా ఉంటుంది. దక్షిణాన టెక్సస్ వంటి వేడి ప్రాంతాలలో పలుచన, బిరుసు, ఎర్రన. మంచి తోళ్ళు ఎక్కువగా చలికోటుల టోపీ అంచులకు పోయాయి. ఎగుడుదిగుడుగా ఉండే ఆ రోమాలు ముఖం చుట్టూ గాలి వేగాన్ని తగ్గించి, చర్మం నుండి వేడి తొందరగా పోకుండా ఆపుతాయి.

ఇక గొర్రెల సంగతి. కొయోటీలు ఏప్రిల్, మే నెలలలో ఈనుతాయి. గొర్రెపిల్లల మీద ఎక్కువగా దాడి చేసేవి పిల్లలను మేపుకొనే జంటలు. నైరుతి వ్యోమింగ్‌లో బొరియల నుండి కొయోటీ పిల్లలను తొలగించినప్పుడు గొర్రెల నష్టం బాగా తగ్గిందని టిల్, నోల్టన్ 1983లో ప్రకటించారు. డిసెంబరులో తోలు కోసం పన్నిన బోనులలో పడేవాటిలో, తల్లిదండ్రులను విడిచి తిరుగుతున్న అనుభవం లేని పడుచు కొయోటీలు మెండు. అవి పోయినందువలన గొర్రెల కాపరికి ఒరిగేది తక్కువ. శీతాకాలంలో చంపటం దండగ అని మాత్రం అనరాదు. యూటా, ఐడహో పచ్చిక బయళ్ళలో ముందుగా విమానాల నుండి కాల్చినందువలన, వేసవిలో గొర్రెపిల్లల నష్టం తగ్గిందని 1999లో ఒక పరిశీలన తేల్చింది. అయితే అది నిర్ణీతమైన బయళ్ళలో, కోరి చేసిన పని. తోలు ధరను చూసి చేసినది కాదు.

మొంటానా రాష్ట్రం 1905లో చేసిన చట్టం ఈ పొంతన లేని తనానికి చక్కని ఉదాహరణ. తోడేళ్ళకు, కొయోటీలకు గజ్జి అంటించి వదలవలసిందిగా అది రాష్ట్ర పశువైద్యుని ఆదేశించింది. గజ్జి పురుగు చర్మాన్ని తొలిచేకొద్దీ రోమం రాలి, తోలు బెరడు కడుతుంది. అట్లాంటి తోలును ఏ వర్తకుడూ ముట్టుకోడు. అనగా శ్రేష్ఠమైన బొచ్చుకు పేరుపొందిన రాష్ట్రమే, గొర్రెల పేరిట ఆ బొచ్చును చెరుపుకున్నది.

ధర ఎక్కితే జంతువు తగ్గిందా అన్న ప్రశ్నకు కూడ ఈ గ్రంథంలో చోటు ఉండవలసింది. 1970 దశకం చివర పొడవు రోమాల తోళ్ళకు గిరాకీ విపరీతంగా పెరిగింది. 1980 దశకం చివర బజారు కుప్పకూలింది. ఈ ఎగుడుదిగుడుల నడుమ కూడ కొయోటీ తూర్పుకు విస్తరిస్తూనే వచ్చింది. గ్రంథం వెలువడిన తరువాత బజారు మరొకసారి తిరగబడింది. కోటుల అంచులకు కొయోటీ బొచ్చు వాడిన కెనడా గూస్ కంపెనీ, 2022 ఆఖరుకు దానిని మానివేస్తామని 2021లో ప్రకటించింది. తోళ్ళ ధర దిగజారింది. కాని అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ వారి వన్యమృగ విభాగం 2019లో సుమారు 62 వేలు, 2021లో సుమారు 64 వేలు కొయోటీలను చంపింది. తోలు వేటనూ ఈ వేటనూ వేరు వేరు పట్టికలుగా, నెలల వారీగా, ప్రాంతాల వారీగా చూపే అనుబంధం ఒకటి మలికూర్పులో చేరిస్తే, ఈ గ్రంథం చరిత్ర విద్యార్థులతో పాటు జీవశాస్త్ర విద్యార్థులకు కూడ పనికివస్తుంది.