కృత్రిమజీవి: ఏకాంతము, విశ్వాసము

మనిషి చేతిలో పుట్టి, మనిషికంటె ఎక్కువ కాలము బ్రదికి, తన్ను చేసినవారు పోయిన తరువాత మిగిలిపోయిన ప్రాణి దేనిని నమ్ముకొని బ్రదుకవలెను? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకంటె ముందు కథకులకు కలిగినది. రెండు శతాబ్దులుగా ఆంగ్ల కథాసాహిత్యము దీనికి పలువిధములైన సమాధానములు చెప్పుచు వచ్చినది. ఆ సమాధానములను వరుసగా పరిశీలించినచో యంత్రమును గూర్చి తెలియునది కొంచెము. భక్తిని గూర్చియు, ఒంటరితనమును గూర్చియు తెలియునది అధికము. తెలుగు రచయితకు ఇందు మరియొక ప్రయోజనము కలదు. ఇట్టి పాత్రను తెలుగులోనికి తెచ్చునపుడు, ముందుగా ఒక తీర్పు చెప్పుమని భాషయే అతనిని నిలదీయును.

మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలోని ప్రాణికి పేరైనను లేదు. అది కన్ను తెరువగనే దానిని చేసిన విక్టర్ భయపడి పారిపోయెను. ఆ ప్రాణి ఒక కుటుంబమువారి ఇంటి ప్రక్కన దాగి, వారి మాటలు చాటుగా విని భాష నేర్చుకొన్నది. దొరికిన పుస్తకములలో మిల్టన్ కవి ‘పారడైజ్ లాస్ట్’ ఒకటి. దానిని కావ్యమని గాక జరిగిన చరిత్ర యని నమ్మి చదివి, ఆదాముతో తన్ను పోల్చి చూచుకొన్నది. ఆదాముతో సృష్టికర్త మాటలాడెను. అతనికి తోడు నిచ్చెను. తనకు ఆ రెండును లేవు. తోడుగా ఒక్క స్త్రీని చేసి యిమ్మని అది వేడుకొనగా విక్టర్ మొదట ఒప్పుకొని, తరువాత సగము చేసిన మూర్తిని తన చేతులతోనే ముక్కలు చేసెను. ఈ ప్రాణికి గ్రంథము ఉన్నది, దైవము లేదు. దేవుడున్నాడా యన్నది దాని సంశయము కానే కాదు. దానిని చేసినవాడు కన్నుల యెదుటనే ఉన్నాడు. తన్ను కన్నవాడు తన ముఖము చూడడన్నదే దాని దుఃఖము. నాస్తికుని వేదనకంటె ఇది కఠినమైనది.

ఐజాక్ అసిమోవ్ ఈ దుఃఖమును చమత్కారముగా మార్చెను. 1941లో వెలువడిన ‘రీజన్’ అను కథలో, సౌరశక్తిని కిరణరూపమున భూమికి పంపు అంతరిక్షకేంద్రమొకటి కలదు. అచటి ఇంజనీర్లు పావెల్, డొనొవన్ కూర్చిన యంత్రమానవుడు క్యూటీ తనలో తాను తర్కించుకొని, ఇంత దుర్బలులైన వీరు తన్ను సృజించి యుండరని నిశ్చయించును. కేంద్రములోని శక్తియంత్రమే ప్రభువని నమ్మి తక్కిన యంత్రములచేతను మ్రొక్కించును. ఇంజనీర్లు అతని యెదుటనే మరియొక యంత్రమానవుని కూర్చి చూపినను, ఆ విడిభాగములు ప్రభువు సృజించినవే గదా యని త్రోసివేయును. ఐనను తుపాను వచ్చినపుడు ఆ కిరణమును వెంట్రుకవాసియైనను తొలగనీయక కాపాడినది అతడే. పని సరిగా జరుగుచున్నప్పుడు నమ్మకము ఏదైన నేమి యని కథ ముగియును. తర్కము తప్పుదారి పట్టినను తప్పు కనబడని తీరును ఇంత తేలికగా చూపిన కథలు అరుదు. కాని క్యూటీ విశ్వాసము అతనిని ఎన్నడును బాధింపదు. అతనికి తోడివారున్నారు, పూజ యున్నది, సంశయము లేదు. ఒంటరితనము లేనిచోట విశ్వాసము ఒక సిద్ధాంతముగా మాత్రమే మిగిలినది.

అదే రచయిత 1976లో ప్రకటించిన ‘ది బైసెంటెనియల్ మేన్’ కథలో ఆండ్రూ రెండువందల యేండ్లు బ్రదుకును. తన్ను కొన్న మార్టిన్ కుటుంబములో తరము తరువాత తరము గతించుచుండగా అతడు నిలిచియుండును. కొయ్యబొమ్మలు చెక్కి ధనము గడించును. న్యాయస్థానములో స్వాతంత్ర్యము పొందును. లోహదేహమును క్రమముగా మానవదేహమునకు దగ్గర చేసికొనును. ఐనను లోకము అతనిని మనిషి యనదు. తుదకు తన మెదడు క్షీణించునట్లు చేయించుకొని, మరణమును కొని తెచ్చుకొని, మానవుడను బిరుదు పొందును. ఆండ్రూ ఎవరికిని మ్రొక్కడు. ప్రార్థనకు బదులు అతడు అర్జీ పెట్టుకొనును. దైవము కూర్చుండవలసిన చోట చట్టము కూర్చున్నది. కాని ప్రాణము పోవు వేళ అతని మనస్సు నిలిచినది చట్టముపై గాదు. తొలినాళ్లలో తన్ను ఆదరించిన చిన్నమ్మాయిపై. రచయిత ఉద్దేశించెనో లేదో గాని, ఆ చివరి స్మరణ ఒక్కటే ఆ కథలోని ప్రార్థన.

నాగసాకిలో 1954లో జన్మించి, ఇంగ్లండులో పెరిగి, 2017లో నోబెల్ బహుమానము పొందిన కజువో ఇషిగురో 2021లో ‘క్లారా అండ్ ద సన్’ నవలను ప్రకటించెను. క్లారా ఆండ్రూవలె దీర్ఘాయుష్మతి కాదు. ఐనను తన అవసరము తీరిన తరువాత మిగిలియుండుటయే ఆమె కథ కూడ. ఆమె పిల్లలకు తోడుగా దుకాణములో అమ్మబడు కృత్రిమ స్నేహిత. ఎండవలన శక్తిని పొందును. దుకాణపు అద్దములలోనుండి ఒకనాడు ఆమె, చచ్చి పడియున్నారని తాను తలచిన బిచ్చగాడును అతని కుక్కయు మరునాటి యెండలో లేచి కూర్చుండుటను చూచును. సూర్యుడే ప్రాణదాత యన్న నమ్మకము అప్పుడే స్థిరపడును. ఆమెను కొన్న జోసీ యను బాలిక రోగగ్రస్త కాగా, సూర్యుడు రాత్రి విశ్రమించు తావని తాను తలచిన కొట్టమునకు పోయి, కాలుష్యమును గ్రక్కు యంత్రమును నాశనము చేసెదనని మ్రొక్కుకొనును. అందుకై తన తలలోని ద్రవమును కొంత త్యాగము చేయును. ఆ యంత్రము పాడైనను దానివంటిది మరియొకటి వీధిలోనికి వచ్చును. మ్రొక్కు వమ్మైనదని ఎరిగియు మరల పోయి వేడుకొనును. ఒకనాటి ఉదయము మబ్బు విడి యెండ గదిలో నిండును, జోసీ కోలుకొనును. అది సూర్యుని కరుణయో, కాకతాళీయమో నవల చెప్పదు. జోసీ పెద్దదై కళాశాలకు వెళ్లును. క్లారా పాతసామానుల ఆవరణలో, కదలలేక, జ్ఞాపకములను వరుస పెట్టుకొనుచు ఉండిపోవును.

ఆంగ్ల పాఠకునకు ఈ సూర్యారాధన ఒక చిన్నబుద్ధి చేసిన ముద్దైన పొరపాటుగా తోచును. తెలుగు పాఠకునకు అట్లు తోచదు. ఆరోగ్యమును సూర్యుని అడుగుట ఇచట యింటింటి వాడుక. అరసవల్లికి మ్రొక్కులతో పోవువారు నేటికిని కలరు. అందుచేత ఈ నవలను తెలుగు పాఠకుడు వేరొక కొలబద్దతో కొలుచును. ఆమె నమ్మినది సత్యమా యని గాక, ఆమె భక్తి ఎట్టిదని అతడు అడుగును. ఆ ప్రశ్న యెదుట నవల కొంత తడబడును.

క్లారా తనకొరకు ఏమియు కోరదు, అది నిష్కామభక్తి. కాని ఎన్నడును సూర్యునితో పోట్లాడదు. మ్రొక్కు తీర్చిన తరువాత వేరొక యంత్రము వచ్చినపుడు గాని, ఆవరణలో విడువబడినపుడు గాని, ఇది న్యాయమా యని అడుగదు. తెలుగువారి భక్తిసంప్రదాయములో ఆ అడుగుట సామాన్యము గాదు, ప్రధానము. గోలకొండ చెరలో రామదాసు రాముని నిలదీసెను, ఖర్చుల లెక్క చెప్పెను, ఎత్తిపొడిచెను. ఆ నిష్ఠురములే అతని కీర్తనలకు ప్రాణము. తిట్టుటకు అధికారమున్నదని తలచినవాడే దైవమును తనవానిగా ఎంచుకొన్నవాడు. ఆ అధికారము క్లారాకు లేదు. ఉన్నదని ఆమెకు తోచదు. తోచునట్లు ఆమెను తయారు చేయలేదు. అట్లైనచో ఆమెది భక్తియా, లేక సేవకొరకు చేయబడిన వస్తువు యొక్క విధేయతయా? ఇషిగురో ఈ సందేహమును లేవనెత్తి, సమాధానమునకు ముందే పాఠకుని కన్నీటిపై వదలివేసెను. ఆమెకు తనపై జాలి లేదు. ఆ జాలి పడు భారము పాఠకునిది. నవల అందము ఇందే కలదు, తప్పించుకొనుటయు ఇందే కలదు. షెల్లీ ప్రాణి కోపము వికారమైనదే. కాని అది తన్ను చేసినవానిని ప్రశ్నించినది. విశ్వాసముతో నిజముగా పెనుగులాడినది అదియే.

భారతీయ కథలలో యంత్రపురుషులకు కొదువ లేదు. పదునొకండవ శతాబ్దపు సోమదేవుని ‘కథాసరిత్సాగరము’లో నరవాహనదత్తుడు ఒక నగరమును ప్రవేశించును. అచటి జనులందరు కదలుదురు, పనులు చేయుదురు, మాటలాడరు, అందరును కొయ్యబొమ్మలు. ప్రాణమున్నవాడు ఒక్కడే, వారిని చేసిన రాజ్యధరుడను వడ్రంగి, కాంచీనగరము విడిచి వచ్చినవాడు. ఇచట ఏకాంతము యంత్రముది కాదు, చేసినవానిది. ‘లోకపన్నత్తి’ యను పాళీ గ్రంథములో బుద్ధధాతువులను కాపాడుటకు అజాతశత్రువు నియమించిన యంత్రములు అశోకుని కాలము వరకు కావలి యుండును. బుద్ధనిర్వాణమునకు 218 యేండ్లకు అశోకుడు అభిషిక్తుడైనట్లు ‘మహావంశము’ చెప్పును; ఆండ్రూ ఆయువుకంటె అది కొంచెము ఎక్కువ. అంతకాలము దైవసన్నిధిలో నిలిచినను ఆ యంత్రములకు నమ్మకము కలిగినదా యని ఆ గ్రంథము అడుగదు. విక్రమార్కుని సింహాసనమునందలి ముప్పదిరెండు సాలభంజికలు మాటలాడును; కాని అవి శాపగ్రస్తలైన దివ్యస్త్రీలు. కొరవి గోపరాజు తెలిగించిన కథాసంప్రదాయమిది. బొమ్మ మాటలాడవలెనన్న లోపల పూర్వమే ఒక జీవుడుండవలెను. కర్మము, జన్మాంతరము అన్న భావనలు ఆ లోటును ముందే పూరించినవి. చేయబడినది చేయబడినదిగానే ఉండి ఆత్మను సంపాదించుకొనునా యన్న ప్రశ్నకు అందుచేత చోటు దొరకలేదు. ఆ చోటు నేటి తెలుగు రచయితకొరకు ఖాళీగా ఉన్నది.

ఆ పనికి పూనుకొన్న వానికి మొదటి అడ్డంకి వ్యాకరణము. చిన్నయసూరి 1858లో ‘బాలవ్యాకరణము’న వివరించిన మహదమహద్భేదము ప్రకారము, ఏకవచనములో అనేక క్రియలయందు పురుషునికి ఒక రూపము, స్త్రీకిని పశువునకును జడమునకును మరియొక రూపము. కావున క్లారా ‘చూచినది’ యన్న మాటలో, చూచినది అమ్మాయియో వస్తువో తెలియదు. ఇంటికి వచ్చిన ఆమెను, అతిథివలె చూడవలెనా, ఇల్లు తుడుచు యంత్రమువలె చూడవలెనా యని నవలలో రిక్ తల్లి ప్రశ్నించును. ఆ ప్రశ్న తెలుగు క్రియలో సహజముగానే దాగియున్నది. ‘ఆమె’ యన్నచో ఒకటి, ‘అది’ యన్నచో మరియొకటి. కథను క్లారాయే ఉత్తమపురుషలో చెప్పును గనుక ఆమె మాటలలో చిక్కు లేదు. ఇతరులు ఆమెను గూర్చి పలికినపుడెల్ల అనువాదకుడు ఎవరి నోట ఏది పెట్టవలెనో నిర్ణయింపవలెను. ఆండ్రూ విషయములో ఇట్టి సందిగ్ధత కూడ దొరకదు. ‘వచ్చినాడు’ అన్నచో మొదటి వాక్యములోనే అతడు మనిషియైనట్లు. ‘వచ్చినది’ అన్నచో కానట్లు. లోకసభలు రెండువందల యేండ్లు తేల్చుకొనలేని సంగతిని తెలుగు అనువాదకుడు మొదటి పుటలో తేల్చివేయవలెను. ఇక సూర్యుని విషయము దీనికి విపర్యయము. ఆంగ్లములో సూర్యుని పెద్దక్షరముతో వ్రాసి పురుషునిగా పేర్కొనుట క్లారా ప్రత్యేక దృష్టికి గుర్తు. తెలుగులో సూర్యుడు పుట్టుకతోనే పురుషుడు. ఆ గుర్తు చెరిగిపోవును. దేవునికి వ్యక్తిత్వము ఉచితముగా లభించి, భక్తురాలి వ్యక్తిత్వము మాత్రము సందేహములో పడును.

ఈ చిక్కును దోషముగా భావింపనక్కరలేదు. ఒకే కథలో తల్లి ‘అది’ యనుచుండగా బాలిక ‘ఆమె’ యనవచ్చును. కాలక్రమమున తల్లి మాట మారవచ్చును. ఆ మార్పును ప్రత్యేకముగా వర్ణింపకయే చెప్పుటకు తెలుగునకు శక్తి యున్నది. క్లారా కడపట చెప్పిన మాట సారాంశమును ఈ వెలుగులో చూడవలెను: జోసీలోని అపూర్వత ఆమె లోపల లేదు, ఆమెను ప్రేమించినవారి హృదయములలో ఉన్నది. ఇదే న్యాయము క్లారాకును వర్తించును గదా! ఐనచో ఆవరణలో ఆమెను చూడ వచ్చినది ఒక్క పాత దుకాణపు నిర్వాహకురాలే. కృత్రిమజీవికి ఆత్మ ఉన్నదా యన్న చర్చ ఎంతకాలమైనను సాగవచ్చును. దానిని ఏ సర్వనామముతో పిలిచినారో, ఎవరు చూడ వచ్చినారో మాత్రము కథలో నమోదై యుండును. తెలుగులో ఇట్టి కథ వ్రాయబూనువారు ఆ రెండింటిని జాగ్రత్తగా వ్రాసినచో చాలును. దానిచేత ఒక్కసారి దైవమును నిష్ఠురమాడించినచో, షెల్లీ మొదలుపెట్టిన సంభాషణకు రామదాసు వారసులు చేర్చదగినది చేర్చినవారగుదురు.