కొనుక్కోవాల్సిన టర్బో, తగిలించుకోకూడని టర్బో

ఆలూరు చుట్టుపక్కల నల్లరేగడిలో ట్రాక్టరుకు ఏడాది మొత్తంలో బరువైన పని ఎండాకాలం దుక్కి. పత్తి కట్టె పీకేసిన చేను ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడి నెర్రెలు విడిచి ఉంటుంది. రెండు మడకలు దించి లాగాలంటే ఇంజను ఉన్న బలమంతా పెట్టాల్సిందే. సరిగ్గా ఆ నెలల్లోనే గాలి వేడెక్కి పలచబడుతుంది, దుమ్ము కమ్ముకుంటుంది. ఇంజనుకు గాలి ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే అది తక్కువ దొరుకుతుంది. "అన్నా, బండి గుంజడం లేదు, టర్బో పెట్టిద్దామా?" అని తెలిసిన రైతులు నన్ను అడిగేదీ ఆ రోజుల్లోనే. ఇంజన్ల మీద ఇష్టంతో షెడ్ల చుట్టూ తిరిగేవాణ్ణి కాబట్టి ఈ వారం ఆ ప్రశ్నకు వివరంగా జవాబు చెబుతాను.

ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే దాని బరువుకు పద్నాలుగున్నర రెట్ల గాలి కావాలి. అంటే సుమారు 12 కిలోల గాలి, పరిమాణంలో దాదాపు పదివేల లీటర్లు. మనం డబ్బు పోసి కొనేది డీజిలే అయినా ఇంజను ఎక్కువగా తినేది గాలినే. టర్బో లేని ఇంజనులో పిస్టన్ కిందికి దిగేటప్పుడు సిలిండర్‌లోకి ఎంత గాలి చేరితే అంతే. జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీలుండే గాలి కంటే మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలచన. పంపు మాత్రం డీజిల్ ఎప్పటంతే పోస్తుంది. గాలి చాలక మండని భాగం నల్లపొగగా పోతుంది.

ఈ లోటు తీర్చేదే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. వృథాగా పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఒత్తి సిలిండర్‌లోకి పంపుతుంది. సూపర్‌చార్జరూ గాలిని ఒత్తేదే కానీ, బెల్టు ద్వారా ఇంజను బలాన్నే కొంత వాడుకుంటుంది. దుక్కి బండికి టర్బోనే నయం. మనకు తెలిసిన బండ్లనే చూడండి. మహీంద్రా 575 డీఐకి 2,730 సీసీ ఇంజను, 45 హెచ్‌పీ. 595 డీఐ టర్బోకు 2,523 సీసీ, 50 హెచ్‌పీ. రెండోది తిరిగే వేగం కాస్త ఎక్కువే. అయినా చిన్న ఇంజను పెద్దదాన్ని మించిందంటే అందులో ముఖ్యభాగం టర్బోదే.

మరి పాత బండికి తగిలిస్తే ఆ బలం రాదా? కంపెనీ టర్బో ఇంజను చేసేటప్పుడు టర్బో ఒక్కటే బిగించదు. పెరిగే ఒత్తిడికీ వేడికీ తగ్గట్టు పిస్టన్, హెడ్ గ్యాస్కెట్, డీజిల్ పంపు, రేడియేటర్, ఫిల్టర్ అన్నీ సరిచూసి పెడుతుంది. ఇవేవీ మార్చకుండా పాత లారీ నుంచి ఊడదీసిన టర్బో తెచ్చి పెడితే రెండు విధాలా నష్టం. అయిదారు లీటర్ల లారీ ఇంజనుకు చేసిన చక్రాన్ని మన చిన్న ఇంజను పొగ దుక్కి వేగంలో సరిగా తిప్పలేదు. తిప్పినప్పుడు ఆ ఒత్తిడికి గ్యాస్కెట్, పిస్టన్ ఓర్చవు.

ఇంకో అలవాటు మరీ చెడ్డది. గాలి సంగతి చూడకుండా పంపు సీలు తీసి డీజిల్ పెంచడం. బక్క ఎద్దుకు దాణా పెట్టకుండా ముల్లుగర్ర పట్టినట్టే అది. కాలని డీజిల్ లైనరు మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. రింగులు అరిగి బోరుకు వచ్చేది అందుకే.

చట్టమూ ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

గుంజడం లేదన్న పాత బండికి ముందు దాని గాలి దానికి దక్కనివ్వాలి. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటే దుక్కి రోజుల్లో రోజూ విప్పి చూడండి. బురద తీసి, గీత వరకే ఆయిల్ పోయండి. క్లీనర్ నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగిలితే దుమ్మంతా సిలిండర్‌లోకే. నాజిళ్లు పరీక్ష చేయించండి, ట్యాపెట్ సరిచేయించండి. రేడియేటర్‌లో ఇరుక్కున్న పత్తి పీచు, దుమ్ము తీయండి. వెనక చక్రాలు జారుతుంటే లోటు ఇంజనులో లేదు, టైర్లలో ఉంది. అరిగిన గుబ్బలు చూసుకోండి, టైర్లలో నీళ్లు నింపించండి. ఈ పనులన్నీ చేశాక తేరుకున్న బండ్లను ఎన్నో చూశాను. వాటికి టర్బో అవసరమే రాలేదు.

కొత్త బండి కొనేవారికి నా మాట వేరు. ఎర్రనేలలో కొద్ది ఎకరాల వేరుశనగ, కంది వేసుకునే ఇంటికి టర్బో లేని ఇంజను చాలు. భాగాలు తక్కువ, ఏ ఊళ్లోనైనా రిపేరు దొరుకుతుంది. నల్లరేగడిలో బాడుగకు తిప్పుతూ లోతు దుక్కులు, రోటవేటర్ పనులు చేసేవారు మాత్రం కంపెనీలో బిగించిన టర్బోనే తీసుకోవాలి. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, అదీ పలచటి ఆయిల్ పొర మీద. అందుకే కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి, చెప్పిన గంటలకు మార్చాలి. బరువు పని ముగించిన వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు స్లోలో తిరగనివ్వాలి. ఈ క్రమం పాటించే డ్రైవరు లేకపోతే టర్బో కొనొద్దు.

నా తీర్పు ఇదే: టర్బో కావాలంటే ఇంజనుతో పాటు కొనండి, పాత ఇంజనుకు తగిలించకండి. వచ్చే ఎండాకాలం దుక్కికి ముందు, డబ్బు తీసేకంటే ముందు, మీ బండి ఎయిర్ క్లీనర్ ఒకసారి విప్పి చూడండి.